నాన్న లోపలున్నాడు

ఓడరేవులో క్రేన్ నడిపే మనిషి అతను. కాంట్రాక్టు ముగించుకుని మూడేళ్లకి సొంత వీధి మొదట్లో బస్సు దిగేసరికి వాన వెలిసి, పొద్దు వాలుతోంది. మలుపులో తను గడ్డం గీయించుకునే సెలూన్ పోయి మందుల షాపు వచ్చింది. ఎదురింటి మీద ఇంకో అంతస్తు లేచింది. పలకరించినవాళ్లు లేరు. 'మనం లేమని అన్నీ ఆగిపోతాయా ఏంటి' అని సర్దిచెప్పుకున్నాడు గానీ మనసు చివుక్కుమంది.

ఇంటి తలుపుకి కొత్తగా నీలం రంగు వేశారు. కూతురే తీసింది. వెళ్లేటప్పుడు తల్లి చంకలో ఉన్న పిల్ల, ఇప్పుడు గడియ అందుకునేంతయింది.

"ఎవరు కావాలి?"

"నేనమ్మా, నాన్నని."

పిల్ల అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నాన్న లోపలున్నాడు," అంది.

అతను నవ్వబోయాడు. అంతలో పడగ్గదిలో ఎవరో దగ్గారు. మగ దగ్గు.

కోపం నషాళానికంటింది. సంచీ గుమ్మంలోనే పడేసి, చెప్పులతోనే వంటింట్లోకి దూసుకెళ్లాడు.

"ఎవడే వాడు?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు. "పిల్ల ముందైనా సిగ్గుండక్కర్లా?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మెల్లగా మాట్లాడండి," అంది గుసగుసగా. "వింటాడు."

"ఎవడు?"

"నాకేం తెలుసు? మీరు ఫోన్లు మానేశాక వచ్చాడు. మొదట్లో పిల్ల ఒక్కతే ఆడుకుంటూ మాట్లాడుతోందనుకున్నాను. తర్వాత నాకూ వినబడింది. మీ గొంతే. దానికి జ్వరమొస్తే పక్కనే ఉండి తెల్లార్లూ కబుర్లు చెప్పాడు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెబుదామనే చేశాను. మీరు ఎత్తితేగా."

క్రేన్ క్యాబిన్లో ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చునేవాడు. సాయంత్రం చేద్దాంలే అనుకునేవాడు. సాయంత్రమైతే రేపు. జబ్బూ లేదు, ఇంకో మనిషీ లేదు. ఏం మాట్లాడాలో తోచేది కాదు, అంతే. అలాంటివాడు వచ్చీ రాగానే ఆమె మీద నోరు పారేసుకున్నాడు. తల కొట్టేసినట్టయింది.

పడగ్గది గుమ్మం దాకా వెళ్లాడు. తలుపు ఓరగా ఉంది. లోపల దీపం లేదు. గ్రీజు, చెమట, వానకి తడిసిన ఇనుము... అది తన ఒంటి వాసనే. పిల్ల అతన్ని దాటుకుని వెళ్లి మంచం అంచున కూర్చుంది.

దాని పక్కన పరుపు మెల్లగా కుంగింది.

ఎవరూ లేరు. కానీ పిల్ల జుట్టు ఎవరో నిమురుతున్నట్టు అణుగుతోంది... లేస్తోంది... మళ్లీ అణుగుతోంది...

"వచ్చావా?" అంది చీకట్లోంచి ఒక గొంతు. అచ్చం తన గొంతు. కానీ అంత మెత్తగా తనెప్పుడూ మాట్లాడి ఎరగడు. "అలసిపోయుంటావు. కూర్చో."

అతను పారిపోయాడు.

పిల్లని లాక్కోలేదు. భార్యని పిలవలేదు. మందుల షాపు మెట్ల మీద కూలబడేదాకా ఆగలేదు.

"ఏం సార్, ఒంట్లో బాలేదా?" షాపతను తొంగిచూశాడు. "ఎవరింటికొచ్చారు?"

అతను తల దించుకున్నాడు. ఎవరింటికని చెబుతాడు? పెళ్లాన్నీ బిడ్డనీ దానికి వదిలేసి పరిగెత్తుకొచ్చిన మొహం పెట్టుకుని ఏ ఇల్లు నాదని చూపిస్తాడు? వీధి దీపాలు వెలిగాయి. ఆ వెలుగులో కూర్చుని, ఇంటికెళ్లి చెప్పాల్సిన మాటలు లోలోపలే పేర్చుకున్నాడు. తప్పు నాదే. ఎందుకెత్తలేదో నాకే తెలీదు. ఇక ఎక్కడికీ పోను. మళ్లీ మళ్లీ అనుకున్నాడు. చివరికి లేచి ఇంటివైపు నడిచాడు.

నీలం తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. కిటికీలో వెలుతురు. తట్టబోయి ఆగాడు.

"తప్పు నాదే," అంటోంది లోపల తన గొంతు. "ఎందుకెత్తలేదో నాకే తెలీదు. ఇక ఎక్కడికీ పోను."

భార్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. భయంతో కాదు. ఎన్నాళ్లదో బరువు దింపుకున్న ఏడుపది. కిటికీలోంచి చూశాడు. ఆమె తల ఒక భుజం మీద ఆని ఉంది. ఆ భుజం మీద ఉన్నది... ఇప్పుడు తన ఒంటి మీదున్న చొక్కాయే.

దబదబా తలుపు బాదాడు.

"ఎవరండీ?" అంది భార్య, తలెత్తకుండానే.

"ఎవరూ లేరు," అంది తన గొంతు. "గాలి."

నేనే అని అరవబోయాడు. నోరు తెరుచుకుంది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

పిల్ల కిటికీ దగ్గరకొచ్చింది. నేరుగా అతని కళ్లలోకి చూసింది. పోల్చుకుంది, అందులో అనుమానం లేదు.

వేలు పెదాల మీద పెట్టుకుని, "ష్..." అంది.

కర్టెన్ లాగేసింది.