మూగబొమ్మల హాలు

పెసరట్టు తిరగేస్తున్నంతసేపూ రత్నమాల అత్తగారి పట్టుచీర గురించే ఆలోచించింది. మొగుడికి టిఫిను పెట్టేసి, బీరువాలోంచి ఆ చీర తీసి, అత్తగారి కుడిచెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది.

"మురమళ్ళ వెళ్దామండీ అత్తయ్యగారూ! స్వామివారి కల్యాణం చూసొద్దాం!"

చిన్నమ్మలు మొహం విచ్చుకుంది. ఎనభై దాటిన మనిషి, కొత్తపేట పొలిమేర దాటి ఎన్నాళ్ళయిందో! చీర ఒళ్ళో పెట్టుకుని జరీ అంచు తడుముకుంటూ కూచుంది. ఆ సంతోషం చూడలేక రత్నమాల వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతి కల్యాణం కాదు. పెరటి అవతల ఉన్న పాత హాలుని ఆ రోజు పడగొడుతున్నారు. పెద్దావిడ ఇంట్లో లేకుండా పని కానిచ్చేద్దామని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు.

ఊరు ఇంతగా పెరగకముందు, చుట్టూ వరిచేలు తప్ప మరేమీ లేని చోట, చిన్నమ్మలు తండ్రి కట్టిన సినిమా హాలు అది. బొమ్మలకి మాటలు రాని కాలం. తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడి ఆయనే కథంతా చెప్పేవాడట. ఏడవాల్సిన చోట ఏడ్చేవాడట, రాక్షసుడొస్తే గర్జించేవాడట. ఊరు దానికి మూగబొమ్మల హాలు అని పేరు పెట్టింది. మాటల సినిమాలొచ్చాక జనం వాటి వెంట పోయారు, హాల్లో కొబ్బరికాయలు రాశులు పోశారు. చిన్నమ్మలు పుట్టేసరికే తెర లేదు. తండ్రి మాత్రం అన్నం ముద్దలు పెడుతూ ఆ బొమ్మలన్నీ కూతురికి చెప్పేవాడు. ఒక్కతే కూతురు కాబట్టి ఇల్లూ హాలూ ఆవిడకే వచ్చాయి. ఇప్పుడు హాలు దూలాలు పుచ్చిపోయాయి, పడమటి గోడ సందులోకి ఒరిగిపోయింది.

ఆవిడకి చెవుడొచ్చి కొన్నేళ్ళయింది. మిషను పెట్టిస్తే ఈల వేస్తోందని తీసి పారేసింది. చెవి దగ్గర వంగి నిదానంగా చెబితే ప్రతి మాటా అందుతుంది. కానీ వంగే ఓపిక ఎవరికుంది? "ఏమిటమ్మాయ్?" అని ఆవిడ అడగడం, "ఏం లేదండీ" అని రత్నమాల చెయ్యి ఊపేయడం అలవాటైపోయింది. నలుగురూ నవ్వితే ఆవిడా నవ్వేది, ఎందుకో తెలియకుండానే. ఆ నవ్వు చూస్తే రత్నమాలకి మనసు చివుక్కుమనేది. చివుక్కుమన్నాక మళ్ళీ తన పనిలో తను పడేది.

ఇంతలో మేస్త్రీ రాఘవులు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు.

"ముందు రేకులు దింపేత్తామండి. పెద్దమ్మగారికి చెప్పేరా అండి?"

"ఎందుకులే, బాధపడుద్ది," అన్నాడు మాణిక్యాలరావు, తల్లి ఎదురుగానే నిలబడి. వినపడదన్న ధీమా.

"ఏమంటున్నాడ్రా?" అంది చిన్నమ్మలు.

"ఏం లేదమ్మా!"

కారు తలుపు తీశారు. ఆవిడ ఎక్కలేదు. చేతికర్ర నేలకి ఆనించి నిలబడింది.

"హాలు పడగొడుతున్నారు కదూ?"

"నీకెవరు చెప్పేరమ్మా?"

కొడుకు పెదాల వంక చూసి ఆవిడ పేలవంగా నవ్వింది. "ఎవరు చెప్తారు నాకు? బొమ్మ చూసి కథ చెప్పినాయన కూతుర్నిరా నేను!" కర్ర పైకెత్తి ఒక్కొక్కరినే చూపిస్తూ గొంతు పెంచింది. "ఇదిగో చూడండి బాబూ! మేస్త్రీ వచ్చేడు. హాలు వంక చూసేడు, ముసల్దాని వంక చూసేడు, తల దించేసుకున్నాడు. కొడుకు నుదురు రుద్దుకుంటున్నాడు. కోడలు పట్టుచీర ఇచ్చింది గానీ కళ్ళల్లోకి చూడలేదు. ముసల్దాన్ని గుడికి పంపేస్తున్నారు బాబూ!"

ఆవిడ కర్ర దించి హాలు వైపు తిరిగింది.

"మా నాన్న తెర గుడ్డ తడిపించేవోడు. తడిపితే బొమ్మ అవతలికి కూడా కనపడేదిట. పేదోళ్ళు తెర వెనకాల నేల మీద కూచునేవోరు. వాళ్ళకి బొమ్మల మధ్య పడే అక్షరాలన్నీ తిరగబడి కనపడేవి. అందుకని మధ్యమధ్యలో మా నాన్న అటు పరిగెట్టుకెళ్ళి, వాళ్ళకీ చెప్పొచ్చేవోడు. వెనకాల ఉన్నారని వదిలేసేవోడు కాదు. నా ఇంట్లో నన్ను వెనక్కి కూచోబెట్టేరు, ఒక్కళ్ళూ వచ్చి చెప్పరు."

మాణిక్యాలరావు భార్య మీద విరుచుకుపడ్డాడు. "చెబితే ఒప్పుకోదన్నది నువ్వే!"

"ఆయ్, నేనేనండి," అంది రత్నమాల. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తగారి దగ్గరకి వెళ్ళి, కుడిచెవి దగ్గర వంగింది.

"గోడ సందులోకి ఒరిగిపోయిందండీ. పక్కింటి పిల్లలు దాని కిందే ఆడుకుంటున్నారు. ఈ వానలకి ఆగదన్నాడు మేస్త్రీ. మీరు బాధపడతారని చెప్పలేదండీ..." అక్కడ ఆగి తల అడ్డంగా ఊపింది. "కాదండీ, అబద్ధం. ఇంతసేపు వంగి చెప్పాలంటే బద్ధకమేసిందండీ నాకు."

చిన్నమ్మలు కోడలి మొహంలోకి చూసింది.

"పిల్లలు ఆడుకుంటున్నారా?"

"ఆయ్."

"మరి ఇన్నాళ్ళు ఎందుకుంచేరమ్మాయ్? ముందు పడగొట్టించండి!"

రత్నమాలకి దుఃఖం ఆగలేదు. ఒక్క మాట అడిగితే ఒప్పుకునే మనిషికి గుడి పేరు చెప్పి మోసం చేయబోయింది. అత్తగారి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో," అంది చిన్నమ్మలు. "నాకో కుర్చీ వేయించు. దగ్గరుండి చూస్తాను."

కొబ్బరిచెట్ల నీడలో రెండు కుర్చీలు వేయించారు. పట్టుచీరలో అత్తగారు, పక్కన కోడలు. రేకు దిగుతుంటే వీధి వీధంతా వచ్చి నిలబడింది. చిన్నమ్మలు మాటిమాటికీ కళ్ళొత్తుకుంటోంది. తండ్రి నిలబడిన చోటు అదిగో, అక్కడేనని కర్రతో చూపించింది.

కప్పు మీద నుంచి రాఘవులు జనాన్ని చూసి ఏదో అరిచాడు. అందరూ గొల్లుమన్నారు. చిన్నమ్మలు వాళ్ళ మొహాలు చూసి, ఎప్పట్లాగే తనూ నవ్వబోయింది.

"ఏమిటమ్మాయ్?"

"ఏం లేదండీ" నాలిక చివరిదాకా వచ్చేసింది. రత్నమాల దాన్ని మింగేసి, వంగింది.

"హౌస్‌ఫుల్లయిపోయిందండీ పెద్దమ్మగారూ, టిక్కెట్లు పెట్టాల్సిందండీ అంటున్నాడండీ రాఘవులు."

అందరి నవ్వులూ ఆగిపోయాక, తడికళ్ళతో చిన్నమ్మలు ఒక్కతే పకపకా నవ్వింది. ఎందుకో తెలిసి నవ్వింది.