కత్తెర పిడి

ప్లేటు పోయిన రోజు ఉదయం దర్జీ ఎప్పటిలాగే టీ పెట్టాడు. అలవాటు కొద్దీ మూడు కప్పుల్లో పోసి, ఒకటి తిరిగి గిన్నెలోకి ఒంపేశాడు. భార్య పోయి ఇరవై రోజులు. మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్న కూతురు ఆ రోజే మళ్ళీ కాలేజీకి బయలుదేరుతోంది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోన్ మోగితే అతనే తీసి, తండ్రినని చెప్పాడు.

"ల్యాబ్ నుంచండీ. మీ అమ్మాయి పాత ప్లేట్లతో ఫ్రిజ్‌లో చోటు చాలట్లేదు. పారేయమంటారా?"

"పాతవైతే పారేయండి." ఈమధ్య ఎవరేమడిగినా అతని జవాబు అదే.

మధ్యాహ్నానికే కూతురు తిరిగొచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"నన్నొక్క మాట అడగొచ్చుగా నాన్నా! అందులో అమ్మ చెయ్యుంది."

అతనికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. తన ప్రాజెక్టు చేతుల మీది సూక్ష్మజీవుల గురించి. వాటికి మేత పోసిన ప్లేటు మీద పోయిన నెల అమ్మ అరచెయ్యి అద్దించింది. "ఉండవే, గోళ్ళయినా తీసుకోనీ" అని నవ్విందట అమ్మ. రెండు రోజులకు ఐదు వేళ్ళూ చుక్కలు చుక్కలుగా మొలిచాయి. ఈ పొద్దున వాటిని ఆవిరిలో ఉడికించి పారేశారు.

"బట్టలిచ్చేశావు. కళ్ళజోడిచ్చేశావు. అమ్మ ఈ ఇంట్లో ఉండేదన్న గుర్తే నీకు బరువైపోయిందా?"

అతను మిషను కింది సొరుగు లాగి, ఒక గుడ్డ మూట తీశాడు. ఆ ఇంట్లో కత్తిరించడం భార్య పని, కుట్టడం అతని పని.

"కత్తెర మాత్రం ఇవ్వలేకపోయానమ్మా. ఎలా పెట్టి వెళ్ళిందో అలాగే చుట్టేశాను. చూస్తే తట్టుకోలేననే మిగతావన్నీ పంపించేశాను." ముడి విప్పబోయాడు.

"ఆగు! పిడికి చెయ్యి తగలనివ్వకు!"

ఆమె గొంతు మారిపోయింది. కళ్ళు తుడుచుకుని దగ్గరకొచ్చింది.

"ఇరవై రోజులైంది నాన్నా. పొడి ఇనుము. అమ్మ చేతి సూక్ష్మజీవులేవీ బతికుండకపోవచ్చు."

"లేకపోతే?"

"లేవని రాస్తాను. మా మేడం అదీ ఫలితమే అంటారు."

"నీ దుంపతెగ, ఖాళీ ప్లేటుకి కూడా మార్కులేస్తారా మీకు?"

నవ్వబోయి ఏడ్చింది. అతను తల నిమిరాడు. "నిన్నడగకుండా పారేయమన్నాను. తప్పేనమ్మా."

మర్నాడు మూట విప్పకుండా ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. ఆమె శుద్ధి చేసిన దూదిపుల్లతో పిడి లోపలి అంచు తుడిచి, కొత్త ప్లేటు మీద గీసింది. మూడోనాడు అతను చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశాడు. నాలుగు తెల్లటి చుక్కలు.

అవి అమ్మ చేతివో, గుడ్డవో తేల్చే పరీక్ష ఇంకా చేయలేదు.