నీళ్ళపాల పరీక్ష

గోడలకు పెట్టెలు తగిలించిన నాలుగో రోజు పొద్దున గుళ్ళమెరకలో అరవై ఒక్కమంది వృద్ధుల్లో అరవైమందికి ఎర్ర లైటు వెలిగింది. ఒక్కరికే పచ్చ. ఊరంతా కలిసి ఏ అఘాయిత్యం చేసుకోబోతోందోనని డాక్టర్ లాస్య సిటీ నుంచి డ్రైవర్ లేని కారులో తొమ్మిదింటికల్లా వచ్చి దిగింది.

ఆ పెట్టె తయారుచేసింది ఆవిడే. దాని అసలు పేరు మనోశ్రవణి. అంత పేరు పలికే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదు కాబట్టి ఊఁకొట్టే పెట్టె అంటాం. పచ్చడి జాడీ మూతంత ఉంటుంది. రోజూ పొద్దున "ఎలా ఉన్నారండీ?" అని అడుగుతుంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య "ఊఁ" అంటుంది. మాట వేగం ఎంత, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఎంత, గొంతు వణికిందా, ఏ పదాలు వాడారు, ఇవన్నీ దానిలోని అల్గారిథమ్ కొలిచి మనసు ఎంత కుంగిందో రంగులో చూపిస్తుంది. ఎరుపు వస్తే ఊరి మనోమిత్ర, అంటే మనసు బాగోగులు చూసే ఉద్యోగి, వెళ్ళి చూడాలి.

మా మనోమిత్ర అంకబాబు. పదిహేడేళ్ళు గేదెలకు సూదులు వేసినవాడు. ఫ్యాక్టరీ ట్యాంకుల్లో పాలు తయారవడం మొదలయ్యాక గేదెలు పోయాయి, గేదెలతోపాటు అంకబాబు పనీ పోయింది. నలభై నాలుగేళ్ళ వయసులో తొమ్మిది నెలల కోర్సు చదివి, వృద్ధుల మానసిక ఆరోగ్యంలో సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఊరు గర్వపడింది. "సూది తొడకా, తోకకా?" అని మా వీధిలో ముగ్గురు మాత్రమే అడిగారు. వాళ్ళావిడ మాత్రం సంతోషించింది. ఇంట్లో పేడవాసన పోయింది, ఆవిడకదే చాలు.

డాక్టరమ్మ ముందుగా తులశమ్మ ఇంటికి పరుగెత్తింది. అందరికన్నా ఎర్రగా ఉన్నది ఆవిడే. తులశమ్మ డాబా మీద వడియాలు పెడుతోంది.

"అమ్మా, 'నేనింకా ఎందుకు బతికున్నానో' అన్నారట?"

"ఇరవై ఏళ్ళ నుంచీ అంటున్నానమ్మా."

"కాళ్ళు కాటికి చాపుకున్నానని కూడా..."

"అది అడిగింది కదా మరి! బాగున్నానంటే దిష్టి తగలదూ? కాస్త జరుగు తల్లీ, నీ నీడ వడియాల మీద పడుతోంది."

మెట్లు దిగుతూ అంకబాబు అన్నాడు: "మేడమ్, మా ఊళ్ళో 'ఎలా ఉన్నారు?' అని అడిగితే మోకాళ్ళు, కోడలు, కరెంటు, ఈ మూడింట్లో ఒకదాన్ని తిడతారు. బాగున్నానని ఎవరూ అనరు."

"అయితే ఆ పచ్చ లైటు ఎవరిది?"

బసవపున్నయ్యది. పాలకేంద్రంలో ముప్ఫై ఏళ్ళు సెక్రటరీగా చేసి, కేంద్రం మూతపడ్డాక కొడుకు, కోడలి దగ్గర హాయిగా ఉంటున్నాడు. పాలల్లో నీళ్ళు కలిపితే పట్టేసే గాజు గొట్టం, అదే లాక్టోమీటరు, ఎప్పుడూ జేబులో ఉండేది. ఊళ్ళో ఆయన తగువు పెట్టుకోని ఇల్లు లేదు. మా ఇంటితో రెండుసార్లు పెట్టుకున్నాడు, అందులో ఒకసారి అన్యాయంగా.

"వందకి తొంభై ఆరు!" అంది డాక్టరమ్మ. "ఆదర్శ వృద్ధుడంటే ఈయనే. వీడియో తీయాలి."

"ముందు నేను చూస్తాను మేడమ్. అరిచే గేదె దగ్గరికి నేనెప్పుడూ ముందు వెళ్ళలేదు. అరవడానికి ఓపిక ఉన్నట్టే కదా. మూల నిలబడి అరవనిదాన్ని ముందు చూసేవాణ్ణి."

"ఆయన మనిషి, అంకబాబు గారూ. పైగా మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు. పచ్చ లైటు ఇంట్లో టైమ్ పాడుచేశారని రిపోర్టులో పడితే ఉద్యోగం ఉండదు."

"పడనివ్వండి."

బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రారా అంకబాబూ! నాకేం, రాజాలా ఉన్నాను. కోడలు బంగారం. ఏ లోటూ లేదు." పెట్టె "ఊఁ" అని మరింత పచ్చగా వెలిగింది.

అంకబాబు వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో పావు వంతు పాలు, ముప్పావు నీళ్ళు పోసి, వేడిచేసి తెచ్చి ఇచ్చాడు. పెద్దాయన ఆఖరి చుక్కదాకా తాగి మూతి తుడుచుకున్నాడు.

"బాగున్నాయిరా."

గుమ్మంలో కోడలి చేతిలోంచి గరిటె జారిపడింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు.

"లాక్టోమీటరు ఏది బాబాయ్?"

"ఎదురింటి అమ్మాయికి ఇచ్చేశాను. వాచీ అల్లుడికిచ్చాను. నాకెందుకురా ఇంక?"

పడుకున్న గేదె కింద గడ్డి తీసి చూడటం అంకబాబుకు అలవాటు. మంచం మీది దిండు ఎత్తాడు. నలభై రోజుల బీపీ మాత్రలు, ఒక్కటీ విప్పకుండా ఉన్నాయి.

"ఇంట్లో చెప్పలేదేం బాబాయ్?"

"అందరూ బాగా చూసుకుంటుంటే ఏమని చెప్పనురా? పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియట్లేదని చెప్పనా?"

అంకబాబు నేల మీద కూర్చున్నాడు. "నాకూ తెలియలేదు బాబాయ్. ఏడాదిపాటు ఖాళీ కొట్టాన్ని రోజూ ఊడ్చాను."

పెద్దాయన వంగి అతని భుజం మీద చెయ్యి వేశాడు. పెట్టె మాత్రం పచ్చగానే ఉంది.

డాక్టర్ లాస్య వీడియో మాట ఎత్తలేదు. ఆ పూటే వైద్యం మొదలుపెట్టింది. అంకబాబు రోజూ వెళ్ళి గంటసేపు కూర్చునేవాడు, మాటలుంటే మాటలు, లేకపోతే లేదు. ఇరవై మూడో రోజు, డాక్టరమ్మ చూస్తుండగా, మళ్ళీ నీళ్ళపాలు ఇచ్చాడు.

ఒక్క గుక్క తాగి బసవపున్నయ్య గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "ఏరా, ఇవి పాలా, గిన్నె కడిగిన నీళ్ళా? మీ నాన్న కూడా నాకింత అన్యాయం చేయలేదు కదరా!"

కోడలు వంటింట్లోకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెట్టె భగ్గున ఎర్రబడింది. డాక్టరమ్మ లేచి దాని ప్లగ్ పీకేసింది.

ఆ తర్వాత ఆవిడ అల్గారిథమ్ తిరగరాసింది. మనిషి సణుగుడులో మార్పు చూడాలి, అన్నీ బాగున్నాయన్నవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళాలి. పెట్టె ఇప్పుడు తులశమ్మకు రోజూ పచ్చ లైటు వేస్తోంది. ఇక ఆవిడ నోటికి అడ్డేముంది! అంకబాబు ఉద్యోగం పర్మనెంటు అయింది. నీళ్ళపాల పరీక్ష మీద డాక్టరమ్మ రాసిన పేపరు విదేశాల్లో కూడా అచ్చయింది.

పెట్టెను రాష్ట్రమంతా పెట్టే విషయమై మీటింగ్ జరిగింది. పెట్టె బల్ల మీదే ఉంది. పెద్ద ఆఫీసరు పలకరింపుగా, "పని ఎక్కువై అలసిపోయినట్టున్నారు డాక్టర్ గారూ?" అన్నాడు.

"అబ్బే, నాకేం సర్? అంతా చాలా బాగుంది."

పెట్టె ఎర్రబడింది. దానికి వయసు తెలియదు. రూలు ప్రకారం మనోమిత్ర వెళ్ళాల్సిందే.

మర్నాడు అంకబాబు సిటీకి వెళ్ళాడు. తోడుగా బసవపున్నయ్యా బయల్దేరాడు, ఎదురింటి అమ్మాయి దగ్గర లాక్టోమీటరు వెనక్కి తీసుకుని మరీ. డాక్టరమ్మ కళ్ళు లాప్‌టాప్ మీద ఉన్నాయి. అంకబాబు నీళ్ళపాల గ్లాసు ఆవిడ చేతి పక్కన పెట్టాడు. ఆవిడ చూడకుండానే తీసుకుని మొత్తం తాగేసింది.

"థాంక్స్ అంకబాబు గారూ. పాలు చాలా బాగున్నాయి."

అంకబాబు కుర్చీ లాక్కున్నాడు. పెద్దాయన చెయ్యి చాపి లాప్‌టాప్ మెల్లగా మూసేశాడు. "అన్నం సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందమ్మా?"

డాక్టరమ్మ ఖాళీ గ్లాసు వైపు చూసింది. ఆ తర్వాత ఆవిడ కళ్ళు నిండాయట. బసవపున్నయ్య చెప్పాడు, నేను చూడలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం డాక్టరమ్మ మా ఊరొచ్చి తులశమ్మ డాబా మీద వడియాలు పెడుతోంది. కరెంటును తిట్టడం వచ్చింది. మోకాళ్ళ సంగతే ఇంకా సరిగ్గా కుదరట్లేదు. తులశమ్మ నేర్పుతోంది.