బొగ్గు మీద సిరా

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడే చెప్పింది.

“మొన్న గనిలో పైకప్పు మీద పడి మా తమ్ముడు పోయాడయ్యా. తప్పు వాడిదేనంటున్నారు. వాడి చేతులు కడిగింది నేను. బొటనవేలికి బొగ్గు, ఆ బొగ్గు మీద ఊదా సిరా. సంతకం వచ్చినవాడికి సిరాతో ఏం పని? ఇవాళ నాలుగింటికి ఇంకో తొమ్మిది మందిని అక్కడికే దింపుతున్నారు.”

డిటెక్టివ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. సహాయకురాలు నోటుపుస్తకం అందుకుంది.

గని ఆఫీసులో సేఫ్టీ ఆఫీసర్ కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు.

“బొగ్గు తీసేసిన చోట కప్పును మేమే కూల్చేస్తాం సార్. వదిలేస్తే ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. కప్పును మోసే ఊతకర్రలకు గొలుసు తగిలించి, దూరం నుంచి మరతో లాగాలి. అతను ఆ మర తీసుకుని కూడా, బద్ధకించి లోపలికెళ్ళి సుత్తితో కొట్టాడు. సొంత తమ్ముడు పోయినట్టుంది నాకు.”

“ధైర్యంగా ఉండండి” అంటూ సహాయకురాలు అతని చెయ్యి నొక్కింది.

పనిముట్లు ఇచ్చే రిజిస్టరులో రోజూ మృతుడి సంతకమే ఉంది. ఆఖరి రోజు మాత్రం “ఉదయం ఆరు, మర ముట్టింది” అన్న మాట పక్కన వేలిముద్ర. డిటెక్టివ్ దాన్ని భూతద్దంతో చాలాసేపు చూశాడు. స్టోరులో మర పళ్ళు విరిగి పడి ఉంది. విరిగిన చోట తుప్పు దళసరిగా పేరుకుంది.

“శవం దగ్గర ఎవరున్నారు?” అని గని ఆసుపత్రి కాంపౌండర్‌ని అడిగాడు.

“సేఫ్టీ ఆఫీసర్ గారొక్కరే సార్. క్షమాపణ చెప్పుకుంటానని పది నిమిషాలు తలుపేసుకున్నారు. చేతిలో రిజిస్టరుంది. అది ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేదే.”

మూడింటికి అందరినీ మేనేజర్ గదిలో కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

“పనికి దిగేముందు ముద్ర వేస్తే సిరా కింద ఉండాలి, బొగ్గు పైన ఉండాలి. ఈవిడ చూసింది బొగ్గు మీద సిరా. ముద్ర గీతల్లోనూ బొగ్గు రవ్వలే. అంటే ఇది ప్రాణం పోయాక వేయించిన ముద్ర. మర ఎప్పుడో విరిగిందని ఆ తుప్పే చెబుతోంది. వేరేది వచ్చేదాకా పని ఆపడం ఇష్టంలేక సుత్తిచ్చి పంపింది మీరు. తప్పు అతని నెత్తిన రుద్దడానికి తలుపేసుకుని శవం వేలు పట్టుకుందీ మీరే.”

సేఫ్టీ ఆఫీసర్ ఈసారి ఏడవలేదు. “చచ్చినవాడికి నొప్పేముంటుంది సార్? ఒక్క ముద్రేగా!”

సహాయకురాలు అతని చెయ్యి నొక్కిన తన అరచేతిని చీరకొంగుకి రుద్దుకుంది, మళ్ళీ రుద్దుకుంది.

“గని పరువు...” మేనేజర్ గొణిగాడు. “విషయం మన నలుగురి మధ్యే...”

“పోలీసులు బయటే ఉన్నారు. ముందు ఆ తొమ్మిది మందినీ ఆపండి” అన్నాడు డిటెక్టివ్, అతని వైపు చూడడం కూడా అసహ్యమైనట్టు.

రెండు రోజులకు వేరే గని నుంచి మర వచ్చింది. గొలుసు బిగించి దూరం నుంచి ఊతకర్రలు లాగారు. కాళ్ళ కింద నేల గుర్రుమంది. గని ముఖద్వారం దగ్గర కూర్చున్న అక్క ఉలిక్కిపడింది.

“లోపలెవరూ లేరుగా?”

“లేరక్కా. ఆ తొమ్మిది మందీ ఇక్కడే ఉన్నారు” అంది సహాయకురాలు. మర తిప్పినవాళ్ళు కూడా పైకి వచ్చేస్తున్నారు.

అయినా ఆమె లేచి, ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ లెక్కపెట్టుకుంది.