లేని చుట్టానికి మైల

“అక్కడే ఆగండి. మేం మైలలో ఉన్నాం,” అంది హేమ గుమ్మంలోంచి.

మల్లెపూల పొట్లంతో వాకిట్లోనే నిలబడిపోయాను. చినుకులు మొదలయ్యాయి. బుధవారం ఈ వాకిట్లోనే మా ప్రధానం జరగాలి.

“ఎవరు పోయేరు?”

“డేవిడ్ లంకలపల్లిగారంట. లండన్‌లో.”

“ఆయనెవరు?”

“తెలిస్తే ఏడుద్దును కదండీ.”

హేమ వాళ్ల నాన్న సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు గోదావరి ఒడ్డున దిండిలో టూరిస్టులను పడవలో తిప్పుతారు. హేమ చెప్పిందాన్ని బట్టి, నాలుగు రోజుల క్రితం ఆయన ఫోన్‌కి ఒక ఈమెయిల్ వచ్చింది. మీ ఇంటిపేరు గలాయన వారసులు లేకుండా చనిపోయాడు, తొమ్మిది కోట్లు మీకే వస్తాయి, ముందు ఫీజు కట్టండి అని. తాతగారి తమ్ముడొకాయన ఎప్పుడో ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదట. ఈ డేవిడ్ ఆయన కొడుకే అయ్యుంటాడని ఈయన తలస్నానం చేసి, పదకొండు రోజులు మైల పట్టి, ప్రధానం వాయిదా వేసేశారు.

అప్పటికే ఐదు వేలు పంపారు. రెండో ఫీజు నలభై వేలట. దానికోసం పడవ ఇంజను బేరం పెట్టారు. దాన్ని విప్పడానికి నన్నే రమ్మన్నారు, నేను బోటు ఇంజన్ల మెకానిక్‌ని మరి.

నాకు ఒళ్లు మండిపోయింది. పుట్టనే పుట్టనివాడు చచ్చిపోయి నా ప్రధానం ఆపుతాడా? ఇంజను పోతే వీళ్లు తినేదేమిటి?

పైగా ఆ ఇంజను నేను బిగించిందే. ఆ రోజు పద్నాలుగు నంబరు పానా అందించమంటే హేమ పన్నెండుది ఇచ్చింది. మళ్లీ అడిగితే పదిహేడుది.

“చదువుకున్నావా అసలు?” అని విసుక్కున్నాను.

“బీకామండీ. మీరూ?”

నాది పదో తరగతి. పద్నాలుగుది నేనే వెతుక్కున్నాను.

“మావయ్యగారూ, ఇది మోసమండీ,” గుమ్మంలోకి వచ్చిన హేమ నాన్నగారితో అన్నాను వానలో నిలబడే.

“అది కాదయ్యా నాగసతీష్, లాయరు స్టాంపు కూడా వేసేడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే డబ్బు గవర్నమెంటుకి పోద్దంట.”

“చావు కబురు దాచమనే చుట్టం ఎక్కడైనా ఉంటాడాండీ? కబురు చెప్పలేదని మన వైపు జన్మంతా మాటలు మానేస్తారు.”

“నాలుగు రూపాయలొస్తే మీ పెళ్లి ఘనంగా చేద్దామనుకున్నాను,” అన్నారాయన. ఆయన మీద కోపం పోయింది. ఆ మెయిలు రాసినవాడి మీద రెట్టింపైంది.

“నాన్నగారూ, ఆ డేవిడ్‌గారి గోత్రం ఏంటో, తండ్రి పేరేంటో అడుగుదామండీ. మనవాడో కాదో తేలిపోద్ది,” అంది హేమ. ఫోన్ తీసుకుని రాసి పంపింది.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. హేమ చదివి తెలుగులో చెప్పింది. “గోత్రం సర్టిఫికెట్ ఇప్పిస్తారంట. అదనంగా పదిహేను వేలు. ఇవాళే కట్టాలంట.”

మావయ్యగారి మొహం ఎర్రబడింది.

“గోత్రానికి ఫీజా? ఏది అడిగినా రేటే చెబుతున్నాడు. ఈ దగుల్బాజీ కోసం నాలుగు రోజుల్నుంచి దేవుడికి దీపం పెట్టలేదయ్యా నేను. లోపలికి రా. మైలా లేదు, గీలా లేదు. బుధవారమే ప్రధానం.”

సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి పోయిన ఐదు వేల సంగతి రాయించాను. బ్యాంకుకీ చెప్పాం. ఆ డబ్బు వస్తుందో రాదో తెలియదు. వాణ్ణి నాలుగు పీకాలని ఉంది కానీ ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?

ఆత్రం కొద్దీ మావయ్యగారు పొద్దున్నే సగం బోల్టులు వదులు చేసేశారు. మళ్లీ బిగించడానికి పడవలోకి దిగాను. వెనకాలే హేమ వచ్చి పక్కన కూర్చుంది, తల్లో నా మల్లెపూలతో.

నేను అడిగేలోపే పద్నాలుగు నంబరు పానా నా చేతిలో పెట్టింది.

“నంబర్లు ఎప్పుడు నేర్చుకున్నావు?”

“అప్పుడూ తెలుసండీ,” అంది వాన వైపు చూస్తూ. “సరైంది ఇచ్చేస్తే మీరు అరగంటలో వెళ్లిపోదురు.”