ఊపిరి ఆగే గుర్తు

టోంగా దీవుల రాజధాని నుకుʻఅలోఫాలో మా రేడియోవాళ్లం రోజూ సాయంత్రం వర్ధంతులు చదువుతాం. పేర్లు నేను చదువుతాను. తేదీలు మా చెల్లి ʻఅకోసిత గొంతు చెబుతుంది. బతికుండగా దానిచేత అంకెలూ నెలల పేర్లూ మాత్రమే రికార్డు చేయించాను. వాటిని అతికించి తేదీగా పలికించే ప్రోగ్రామూ నాదే.

నిరుడు పడవ మునిగి చెల్లి పోయింది. ఆగస్టు నెల, మా టోంగా మాటలో ʻఅఓకోసి.

ఆ మాట ముందున్న చిన్న కొక్కెం దగ్గర గొంతులో ఊపిరి ఆపి వదలాలి. మాకది అక్షరమే. అమ్మ ʻఅనసేని, నేను ʻఇలైసె, చెల్లి... ముగ్గురి పేర్లూ దానితోనే మొదలు. మేమంతా కీబోర్డు మీద కొటేషన్ మీటతోనే కొడతాం. పాడు ప్రోగ్రామ్ దాన్ని నిజంగానే కొటేషన్ అనుకుంది. ఆ తర్వాతది తేదీ కాదని మూగబోయేది.

ఇవాళ మొదటి వర్ధంతి. అమ్మ నల్లబట్టలతో, మా సంతాప ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని స్టేషన్‌కే వచ్చి కూర్చుంది. కూతురి తేదీ కూతురి నోటే వినాలని తన పట్టు. కొక్కెం తీసేస్తే పనవుతుందన్నాను.

"తీసేస్తే అది మన నెల కాదే. చెల్లి ఉంటే నీ చెవి మెలేసేది."

నిజమే. నాకు ఏడుపొచ్చింది. ఆ గుర్తు కొటేషన్ కాదు, అక్షరమేనని ప్రోగ్రామ్‌కి నేర్పాను.

బయట వాన. చెల్లి పేరు చదివి మీట నొక్కాను.

"పద్నాలుగు..."

ఆగింది. గొంతులో ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. వదల్లేదు... గదిలో ఉప్పునీటి వాసన. స్పీకర్‌లో ఏదో బుడబుడమంది. ఆపబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకే," గుసగుసగా అంది. "ఊపిరి తీసుకోనీ."

"...ʻఅఓకోసి."

ఎంత స్పష్టంగా పలికిందో! సంవత్సరం కూడా చెప్పింది. అమ్మ చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇవాళ్టికి ఆ ఒక్క పేరే. మైకూ ప్రోగ్రామూ కట్టేశాను. అయినా స్పీకర్‌లోంచి చెల్లి గొంతు మళ్లీ వచ్చింది.

"పదిహేను... ʻఅఓకోసి."

రేపటి తేదీ. సంవత్సరం ఈ ఏడాదిదే.

ఆ వెంటనే ఏదో పేరు మొదలుపెట్టబోయింది. చెల్లిచేత నేను పేర్లేవీ రికార్డు చేయించలేదు. గొంతులో ఊపిరి ఆగింది...

అమ్మ నావైపు చూసింది. నేను అమ్మవైపు చూశాను.

ఆ ఊపిరి ఇంకా వదల్లేదు.