లీలారాణి సమాధికి సున్నం

"కనకాంబరం." మూడేళ్ల తరువాత ఆ కోడ్ శుక్రవారం రేడియోలో మళ్లీ మోగింది.

విజయనగరంలో ఒక ఫొటో స్టూడియో వెనక గది. చీఫ్ సత్యరాజు ఫైలు తెరవలేదు.

"ఆ కోడ్ తెలిసింది ముగ్గురికే. నాకు, నీకు, నీ భార్యకి."

"లీలారాణి చనిపోయింది సార్," అన్నాడు ఏజెంట్ బెన్హర్.

"పడవ పేలుడు. సీలు వేసిన శవపెట్టె. నువ్వే మోశావు." చీఫ్ తలెత్తాడు. "బరువుందా?"

ఆ ప్రశ్న బెన్హర్ మూడేళ్లుగా తనను తాను కూడా అడగలేదు.

బంగాళాఖాతం మీద పట్టు కోసం రెండు పెద్ద దేశాలు పోటీ పడుతున్నాయి. ఒకదానితో మనం ఒప్పందానికి కూర్చోగానే రెండోది మన తీరంలో, సముద్రం అడుగున, దొంగ మైకులు పరిచింది. శనివారం సాయంత్రం ఐదుకు మన సబ్‌మెరైన్ డెబ్బై మందితో వాటి మీదుగా వెళుతుంది. రేడియో మౌనంలో ఉంది, వెనక్కి పిలవలేరు. మైకులు విన్నది శాటిలైట్‌కు చేరిందంటే ఆ డెబ్బై మంది ఎక్కడున్నారో శత్రువుకు తెలిసిపోతుంది.

"చేరవేసే రిలే పెట్టె భోగాపురం దగ్గర, మీ ఊరి సమాధుల తోటలో ఉంది. కోడ్ పలికింది అక్కడి నుంచే," అన్నాడు చీఫ్. "పెట్టెను ఆపు. మనిషిని పట్టుకో."

శనివారం నాలుగు గంటలు. మర్నాడు ఈస్టర్. ఆడవాళ్లు సమాధులకు సున్నం వేస్తున్నారు. శిలువల మీద పేర్లు రాసే పెయింటర్ వేషంలో బెన్హర్ లోపలికి వచ్చాడు. లుంగీ, తలపాగా, కుంచె పిడిలో సిగ్నల్ మీటరు. లీలారాణి సమాధి దగ్గర మీటరు ముల్లు సన్నగా ఊగింది.

లీలారాణి తల్లి, అత్త శాంతమ్మ బకెట్‌తో ఎదురొచ్చింది. ఆమె ముందు వేషం నిలవలేదు.

"ఏటి బాబూ, ఈ ఏషమేటి?"

"సమాధి మీద ఈ పలక ఎవరు పెట్టారత్తా?"

"ఆర్నెల్ల కిందట వచ్చినాది. నువ్వే పంపినావనుకున్నాను. నల్లగా ఏటి బావుంటాది? పొద్దున్నే మూడు పూతలు ఏసీసినాను."

బెన్హర్ గోటితో గీశాడు. సున్నం కింద ఉన్నది రాయి కాదు, సోలార్ పలక. ఎండ తగలక దాని అడుగున రిలే పెట్టె నిద్రపోతోంది. వైరు తెంపడానికి చేయి చాపి, ఆగాడు. పలక తుడవడానికి ఎవరో ఒకరు రావాలి. ఎవరొస్తారో చూడాలి. అత్తను సున్నం తొట్టి వైపు పంపి, పక్క సమాధి వెనక కూర్చున్నాడు.

నాలుగూ యాభై రెండు. తెల్ల కారు ఆగింది. పట్టు చుడీదారు, నల్ల కళ్లద్దాలు. ఆమె మోకరిల్లి, తడి రుమాలుతో తన సమాధిని తానే తుడవసాగింది. పడమటి ఎండ పలక మీద పడింది. ఆకుపచ్చ దీపం మిణుకుమంది.

"లే, లీలా."

ఆమె తిరగలేదు. "కాలుస్తావా? ఒకసారి పాతిపెట్టావు కదా, చాలదా?"

"ఎందుకు చేశావు?"

"గెలిచే దేశం వైపు ఉండాలనిపించింది."

బెన్హర్ పిస్తోలు గురిపెట్టాడు, కాల్చలేకపోయాడు. ఆ మెడ మీది పుట్టుమచ్చ అతనికి మూడేళ్లుగా కలలో కనిపిస్తూనే ఉంది. నాలుగూ యాభై తొమ్మిది. దీపం మిణుకుమనడం మాని నిలకడగా వెలిగింది, పెట్టె మేలుకుంది.

బకెట్ నిండా సున్నం వచ్చి పలక మీద పడింది, లీలారాణి మీద పడింది. దీపం ఆరిపోయింది.

"మూడేళ్లు ఏడిపించీసినావు కదే," అంది శాంతమ్మ.

"అమ్మా..." తెల్లటి మొహంలో నోరొక్కటే కదిలింది.

ఐదు దాటింది. సముద్రం చప్పుడు మారలేదు. జీపు పలకనూ పెట్టెనూ లీలారాణినీ తీసుకుపోయింది. బెన్హర్ కుంచె తీసుకుని ఖాళీ సమాధి ముందుకు వచ్చాడు.

"శిలువ మీది పేరు చెరిపేయనా అత్తా?"

శాంతమ్మ ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.

"పేరుండనీ బాబూ, ఎప్పటికైనా పనికొస్తాది. తారీకొక్కటి సెరిపీ."